చెల్లెలికి పెట్టకూడని చెరుకు

ఫిజీ రాజధాని సువ పక్కన, నసీనులో ఇప్పుడు నేనుండే ఇంట్లో గంజి పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వస్తే చాలు, నా చెయ్యి దానంతటదే చెంచా కోసం వెతుకుతుంది.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, టాబియాలో చెరుకు తోట మధ్య మా రేకుల ఇంట్లో, మూడేళ్ళ మా చెల్లెలు సావిత్రికి పేగు మెలిపడింది. లబాసా ఆసుపత్రిలో చచ్చుబడినదంతా కోసి తీసేశాక మిగిలిన పేగు చాలా పొట్టి. తిన్నది ఒంటికి పట్టకముందే జారిపోతుందని, రెండు గంటలకోసారి ఉప్పు గంజి, మెదిపిన అరటికాయ, మెత్తగా నలిపిన కోడిమాంసం కొంచెం కొంచెంగా పెట్టాలని, తీపి మాత్రం ముట్టించకూడదని డాక్టరు చెప్పాడు. తీపి పేగులోకి నీళ్ళు లాగుతుందట. అవ్వ గడియారం ముందే పీట వేసుకుని కూర్చునేది. దీపావళికి పక్కిళ్ళవాళ్ళు పంపిన లఖ్డీ మిఠాయి, ఆ పాకం పట్టిన శనగపిండి కడ్డీలు, అటకెక్కేవి. ఆదివారాలు అమ్మ చెల్లెల్ని బియ్యం తూచే కాటాలో కూర్చోబెట్టి, ముల్లు ఎటు కదులుతుందోనని ఊపిరి బిగబట్టేది.

అలా ఏడాది గడిచింది. చెరుకు నరికే రోజుల్లో పిల్లలందరం గడలు నములుతూ తిరుగుతుంటే సావిత్రి గుమ్మంలో కూర్చుని మా నోళ్ళకేసి చూసేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక పొద్దున ఆ చూపు తట్టుకోలేక, గడ ఒలిచి ముక్కలు చేసి పెట్టాను. ఒకదాని వెంట ఒకటి ఆరు ముక్కల రసం పీల్చి, మూతి తుడుచుకుని నవ్వింది.

మధ్యాహ్నానికి నీళ్ళలా విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి; ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. నాన్న చెరుకు లారీని ఆపి అందరినీ ఎక్కించాడు.

మిగిలిన పేగూ చెడిందేమో, సువకు పంపి మళ్ళీ కోయాల్సి వస్తుందేమో అన్నాడు డాక్టరు.

"గంజే సాబ్, ఔర్ కుచ్ నై," అని, గంజి తప్ప ఇంకేం పెట్టలేదని అవ్వ ఒట్టు పెడుతోంది.

"చెరుకు నేను పెట్టినా అవ్వా," అన్నాను. ఎవరికీ వినబడలేదు. డాక్టరు చొక్కా పట్టుకుని హిందీలో అరిచాను: "హమ్ గన్నా దియా!"

అమ్మ చెయ్యెత్తింది. ఫిజియన్ నర్సు మధ్యలోకి వచ్చి, నన్ను మంచం దగ్గరికి లాగి, చేతిలో ఉప్పు గంజి గిన్నె పెట్టింది. "తుమ్ పిలావ్. ధీరే ధీరే," అంది మేమంతా మాట్లాడే హిందీలోనే, మెల్లమెల్లగా నన్నే తాగించమని. సావిత్రి ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే, నేను ఒక్కో చెంచా పోసి, అది మింగేదాకా ఆగి, మళ్ళీ పోశాను. పొద్దు వాలుతుండగా పక్క తడిపింది. ఒంట్లో నీళ్ళు నిలిచాయని నర్సు చప్పట్లు కొట్టింది. సువ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పొట్టి పేగే మెల్లగా పని నేర్చుకుంది. సావిత్రి ఇప్పుడు లౌటోకాలో ఇద్దరు పిల్లల తల్లి. పొట్ట మీద గీత తప్ప దానికేమీ గుర్తులేదు. టాబియా ఇల్లు విప్పేశారు. అవ్వతోపాటే మా ఇంట్లో తెలుగూ పోయింది. అమ్మానాన్నలు బతికున్నన్నాళ్ళూ నా తప్పు సావిత్రి చెవిన పడనివ్వలేదు. వాళ్ళూ పోయాక, ఆ మధ్యాహ్నం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.