ఆడవాళ్ళ బెంచీల్లో హిందీ సినిమా

పేర్లు చెప్పను. చెబితే ఈ వయసులోనూ జట్లు కట్టి నాతో తగువుకి వచ్చేవాళ్ళు ఏలూరులో ఇంకా ఉన్నారు. మా రోజుల్లో ఎవరు ఏ హీరో పక్షమో తెలిస్తే చాలు, ఆ మనిషి ఎలాంటిదో తెలిసిపోయేది. నేను సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద జుట్టు పడే ఆ కొత్త కుర్రాడి పక్షం. అంతవరకే చెబుతాను.

యాభైల నాటి మాట. పెళ్ళయి ముదినేపల్లి నుంచి ఏలూరు కాపురానికి వచ్చాను. మా ఊళ్ళో ఒక హిందీ మాస్టారు ఉండేవారు. స్వరాజ్యం వచ్చింది గనక ఆడపిల్లలు కూడా హిందీ నేర్చుకోవాలని ఇంటింటికీ తిరిగి చెప్పి, మమ్మల్ని కూర్చోబెట్టి పరీక్షలు రాయించారు. దేశసేవకని ఆయన నేర్పిన హిందీని నేను మొత్తం సినిమాలకే ఖర్చు పెట్టేశాను. అందుకు నాకేమీ విచారం లేదు.

ఏలూరులో ఒక హాల్లో ఆదివారం ఉదయం ఆటగా హిందీ సినిమా వేసేవారు. అప్పటిదాకా నేను చూసిన కథానాయకులు కిరీటం పెట్టుకుని, చిట్టచివరి వరసకి వినపడేలా గద్దించేవారు. బాధ కలిగితే పద్యం ఎత్తుకునేవారు. ఈ కొత్తవాళ్ళు అలా కాదు. మామూలు చొక్కా వేసుకుని, మామూలు వీధిలో నడుస్తూ, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడేవారు. మా కుర్రాడైతే ఒక్కోసారి మనవైపు వీపు పెట్టి నిలబడేవాడు. మనిషి వీపుతో కూడా ఏడవగలడని నాకు తెలిసింది అక్కడే. అతని పక్కన నటించే కొత్త అమ్మాయి ఇంకా గట్టిది. తల వంచుకోకుండా ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, కాదు అని చెప్పేది. ఆ చూపుని నేను ఇంటికొచ్చి అద్దం ముందు సాధన చేశాను. మావారి మీద ప్రయోగిస్తే, కంట్లో నలక పడిందా అని అడిగారు.

హాల్లో ఎడమవైపు ఆడవాళ్ళ బెంచీలు. మగవాళ్ళకీ మాకూ మధ్య నడుం ఎత్తున చెక్క అడ్డు. తెలుగు సినిమా వస్తే పిల్లాజెల్లాతో ఆ బెంచీల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. హిందీ ఆటకి మాత్రం నేనూ, తివాచీలు నేసే ఇళ్ళ నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు ముస్లిం ఆడవాళ్ళూ, అంతే. కాళ్ళు చాపుకుని దర్జాగా చూసేవాళ్ళం.

ఆ దర్జాయే కొంప ముంచబోయింది. అటువైపు మగవాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడి చూస్తున్నారనీ, ఇకనుంచి హిందీ ఆటకి ఆడవాళ్ళ బెంచీలు కూడా మగవాళ్ళకే ఇచ్చేస్తామనీ హాలు మేనేజరు మావారితో అన్నాడట. మావారు ఇంటికొచ్చి, ఎండలు తగ్గుతున్నాయన్నంత మామూలుగా ఆ సంగతి చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు మగవాళ్ళ మధ్య కూర్చుని సినిమా చూడడమన్న మాటే లేదు. అంటే నాకిక హిందీ సినిమా లేనట్టే. పైగా మా కుర్రాడి కొత్త సినిమా వచ్చే ఆదివారానికే ఉంది. తాడేపల్లిగూడెంలో ముందే చూసిన మా ఆడపడుచు, భాష తెలియకపోయినా కళ్ళు వాచేలా ఏడ్చానని చెప్పి నన్ను ఊరించి వెళ్ళింది.

మావారిని వెంటబెట్టుకుని వెళ్ళి మేనేజర్ని నేనే అడిగాను. ఆయన చాలా మర్యాదస్తుడు. "ఆడవాళ్ళు రావట్లేదండీ. ఖాళీ బెంచీలకి సినిమా చూపించి నేనేం చేసుకోనండీ?" అన్నాడు.

"ఈ ఒక్క ఆదివారం ఆగండి. బెంచీలు నిండకపోతే మళ్ళీ ఇటువైపు రాను" అన్నాను.

ఆయన నవ్వి సరేనన్నాడు. నా వల్ల కాదనుకునే ఒప్పుకున్నాడని నాకిప్పటికీ గట్టి నమ్మకం.

ఆడవాళ్ళ బెంచీలు నింపాలంటే ముందు మా అత్తగారు కదలాలి. ఆవిడ గడప దాటితేనే మా వీధిలో ఆడవాళ్ళు గడప దాటేవారు. ఆవిడది కొల్లేటి మధ్యన ఒక లంక గ్రామం. పడవ మీద అత్తింటికి వచ్చిన మనిషి. పౌరాణికం అంటే ప్రాణం పెట్టేది. హిందీ సినిమా అంటే మాత్రం, ఎవరో ఎవరితోనో తగాదా పడుతుంటే మనం కిటికీలోంచి చూసినట్టుంటుందని కొట్టిపారేసేది. కాళ్ళు పట్టేటప్పుడు ఒకసారి, కాఫీ ఇచ్చేటప్పుడు ఒకసారి అడిగి, చివరికి ఒప్పించాను. మాట మాటకీ తెలుగులో చెప్పాలన్నది ఆవిడ షరతు. చెబుతానన్నాను. ఆ మాట మీదే వీధి వీధంతా బయల్దేరింది. అరిటాకుల్లో పులిహోర పొట్లాలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు బారులు తీరి వస్తుంటే, గేటు దగ్గర మేనేజరు తాంబూలం నమలడం మరిచిపోయాడు.

బెంచీలు నిండాయి. అయితే బెంచీలు నిండడం ఒక ఎత్తు, వీళ్ళని సినిమా అయ్యేదాకా కూర్చోబెట్టడం ఇంకో ఎత్తు. మధ్యలో లేచిపోతే మేనేజరు మాటే గెలుస్తుంది.

మొదట్లో నా పని చూడాలి. తెర మీద ఒక మాట వచ్చేది, నేను దాన్ని తెలుగులోకి దింపేసరికి మరో నాలుగు మాటలు దాటిపోయేవి. హాస్యగాడు జారిపడ్డప్పుడు మగవాళ్ళ వైపు నవ్వి ఊరుకున్నాక మావైపు నవ్వు మొదలయ్యేది. వెనక బెంచీ నుంచి ఏమంటున్నాడమ్మా అని ఒకరు, వాడు ఈమెకేమవుతాడని ఒకరు. అటువైపు మగవాళ్ళు ష్ ష్ అంటున్నారు. నా గొంతు ఎండిపోతోంది. అన్నిటికంటే బాధ ఏమిటంటే, చెప్పే తొందరలో మా కుర్రాడి మొహం కూడా నేను సరిగ్గా చూడలేకపోతున్నాను. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒకావిడ చెప్పుల కోసం బెంచీ కింద తడుముకోవడం నా కంటపడింది. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆ ఘట్టం వచ్చింది. పట్నంలో పని పోయి ఆ కుర్రాడు ఇంటికొస్తాడు. తల్లికి ఆ సంగతి తెలియదు. సంబరంగా పీట వేసి, రొట్టెలు వడ్డించి, ఎదురుగా కూర్చుని ఏదేదో అడుగుతుంటుంది. వాడు రొట్టె తుంచుతాడు. నోట్లో పెట్టుకోడు. ఆ ముక్కనే వేళ్ళ మధ్య పట్టుకుని, తల్లి వైపు చూసి కొంచెం నవ్వుతాడు. అంతే. ఒక్క మాట లేదు.

తల్లి ఏమడిగిందో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అత్తగారు నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"ఆగమ్మాయ్. వాడికి ముద్ద గొంతు దిగట్లేదు. కనపడట్లేదా?"

నేను నోరు మూసుకున్నాను. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే, నాతోనో తనతోనో అన్నది: "మా తమ్ముడు రంగూను నుంచి వచ్చిన రోజు ఇలాగే కూచున్నాడు. అమ్మ వడ్డిస్తానే ఉంది. వాడు నవ్వుతానే ఉన్నాడు."

పెళ్ళయి వచ్చాక ఆవిడ నాతో తన పుట్టింటి మాట ఎత్తడం అదే మొదలు. కొల్లేరు పొంగి చేలు మునిగితే పనికోసం రంగూను వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన తమ్ముడు ఒకడున్నాడని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. నా కళ్ళు నిండిపోయాయి. నా కుర్రాడు ఎంత గొప్పవాడో లోకమంతా ఒప్పుకున్నా అంత పొంగిపోయేదాన్ని కాదు. కొల్లేటి లంకలో పుట్టి హిందీ ముక్క రాని మా అత్తగారు ఒప్పుకుంది.

ఆ తరువాత నన్నెవరూ ఏమీ అడగలేదు. చెప్పులు తడుముకున్నావిడ కాళ్ళు పైకి లాక్కుని బాసింపట్టు వేసుక్కూర్చుంది. పైటకొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళాయి. ఆ కొత్త అమ్మాయి, తనని పెళ్ళాడతానన్న ధనవంతుడి కళ్ళలోకి చూసి కాదన్నప్పుడు మా బెంచీల నుంచి చప్పట్లు మోగాయి. మగవాళ్ళ వైపు నుంచి కాదు, మా వైపు నుంచి. నేనూ హాయిగా, నోరు మూసుకుని సినిమా చూశాను. ఎవరూ మధ్యలో లేవలేదు.

ఇంటికొచ్చే దారిపొడుగునా వాళ్ళే నాకు కథ చెప్పారు. వాడు తల్లిని చూసి మనసులో ఏమనుకుని ఉంటాడో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతుంటే, నా పరీక్షల హిందీ నాకే చిన్నబోయింది. అత్తగారు వాడిని మావాడు అనడం మొదలుపెట్టింది. గురువారం నాటికి ఆవిడకి ఉన్నట్టుండి తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురి మీద బెంగ పుట్టుకొచ్చింది. ఆ సినిమా అక్కడ ఇంకా ఆడుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. మావారు మీసాల్లో నవ్వుకుంటూ రైలెక్కించి వచ్చారు.

మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. ఆడవాళ్ళ బెంచీలు ఆడవాళ్ళకే ఉండిపోయాయి. కొన్ని వారాలకి మా కుర్రాడిదే ఇంకో సినిమా వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే మా నాన్నగారు ముదినేపల్లి నుంచి వచ్చారు. ఆయనకి ఫలహారం పెట్టి, పరుగుపరుగున వెళ్ళేసరికి పాట మొదలైపోయింది. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల చోటు లేదమ్మా. మీ అత్తగారు ఎప్పుడో వచ్చేశారండీ" అంది.

నాకు కోపం రావలసింది. రాలేదు. నవ్వొచ్చింది. గేటులోంచి తొంగిచూస్తే బెంచీల మీదే కాదు, నేల మీద కూడా కొప్పులే కొప్పులు. ముస్లిం ఆడవాళ్ళు మా వీధివాళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. నా వెనక ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. పెదపాడు నుంచి బండి కట్టించుకు వచ్చామనీ, చూడకుండా కదిలేది లేదనీ అన్నారు.

మేనేజరు వచ్చాడు. నన్ను చూశాడు, వెనక ఉన్నవాళ్ళని చూశాడు, లోపలికి చూశాడు. ఇద్దరు మనుషుల్ని పిలిచి చెక్క అడ్డు ఎత్తమన్నాడు. దాన్ని మగవాళ్ళ వైపుకి రెండు బెంచీల మేర జరిపించాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు గొణుక్కుంటూ లేచి, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

పెదపాడు వాళ్ళని ముందు పోనిచ్చి నేను వెళ్ళి, వాళ్ళు లేచిన బెంచీ చివర కూర్చున్నాను. బెంచీ ఇంకా వెచ్చగానే ఉంది.