ఆరని మెట్లు

వికారాబాద్‌లో అనంతగిరి రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో నేను వార్డెన్‌గా చేరింది జూన్ నెలలో, వానలు మొదలైన వారం. హోదాలో వార్డెన్ వైస్ ప్రిన్సిపాల్‌కు కింద, వంటామెకు పైన. రెండో సంగతి వంటామె ఒప్పుకోలేదు.

ఆ స్కూలుకు ఒక ఆచారం ఉండేది. ముందు గుమ్మానికి తాండూరు బండల మెట్లు ఏడు. పిల్లలెవరూ వాటి మీద అడుగు పెట్టరాదు, పక్క తలుపు నుంచే రాకపోకలు. పదో తరగతి వాళ్లు మాత్రం పరీక్షలకు బయల్దేరే పొద్దున చెప్పులు విప్పి, వరుసగా, మెల్లగా దిగేవారు. కింద మిగతా స్కూలంతా చప్పట్లు. స్కూలు పెట్టినావిడ మొక్కు అది అని టీచర్లు చెప్పేవారు. ఏం మొక్కో ఎవరికీ తెలియదు కాబట్టి గౌరవం ఇంకా ఎక్కువ.

తల్లిదండ్రులు వచ్చే ఒక ఆదివారం, కొడంగల్ నుంచి వచ్చిన తాతగారు చేతికర్ర మరిచి బస్సుకు బయల్దేరారు. ఆయన మనవరాలు స్వాతి, ఎనిమిదో తరగతి, కర్ర పట్టుకుని ఏడు మెట్లనూ మూడు అంగల్లో దిగింది. చెప్పులతోనే. వారం కిందటే ఆ పిల్ల హౌస్ కెప్టెన్ అయింది. గురువారం క్రమశిక్షణ కమిటీ. పదవి పోవడం దాదాపు ఖాయం. నేను పిలిపిస్తే ఏడవలేదు. "బ్యాడ్జి కంపాస్ బాక్స్‌ల పెట్టిన మేడం, మీరడిగితె ఇయ్యనీకి" అంది.

కమిటీకి వార్డెన్ నివేదిక రాయాలి. ఫారంలో నాలుగు గళ్లు: ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏ నియమం తప్పింది, ఆ నియమం ఎక్కడుంది. మూడు నిండాయి. నాలుగోదాని కోసం రూల్సు పుస్తకం, పాత సర్క్యులర్లు, మీటింగుల రిజిస్టర్లు తిరగేశాను. ఎలుకలకు కనిపించి ఉండవచ్చు, నాకైతే ఏమీ కనిపించలేదు.

బుధవారం సెలవు పెట్టి తాండూరు రైలెక్కాను. స్కూలు మొదటి ఆయా యాదమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. మెట్ల మొక్కు గురించి అడిగాను.

"మొక్కేంది బిడ్డా? బండలు కొత్తగ ఏసిండ్రు, సిమెంటు ఆరలే. పోరీలు తొక్కుతరని నేనే తాడు కట్టిన. పదో తరగతోల్లకు పరీచ్చలుండె, బస్సు ముంగట్నే ఆగి ఉండె. ఆల్లనొక్కల్లనే చెప్పులిడిసి మెల్లగ పొమ్మన్న."

"మరి ఆరిందని ఎప్పుడు చెప్పావవ్వా?"

"ఎవలడిగిండ్రు? తాడు తీసినంక గూడ పోరీలు పక్క తలుపుకెళ్లే పోవట్టిరి. మెట్లు కడిగే పని తప్పిందని ఊకున్న."

నాలుగో గడిలో ఇలా రాశాను: "ఆయా నోటిమాట. సిమెంటు ఆరేవరకు. ఆరినట్టు రికార్డు లేదు." కమిటీలో వైస్ ప్రిన్సిపాల్ అది రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మరోసారి చదివారు. స్వాతి పదవి నిలిచింది. ఇకమీదట మెట్లు అందరివీ అని ప్రిన్సిపాల్ అసెంబ్లీలో ప్రకటించారు.

మర్నాడు స్కూలంతా పక్క తలుపు నుంచే వచ్చింది. మధ్యాహ్నం కెప్టెన్ హోదాలో, బ్యాడ్జి పెట్టుకుని, స్వాతి నలుగురిని వెంటేసుకుని నా గదికొచ్చింది. "గట్లెట్ల మేడం? ఇప్పుడే దిగితె పదిల మాకేం మిగుల్తది?"

ఆ పాత నియమాన్నే మళ్లీ తెచ్చి, మొదటిసారి కాగితం మీద పెట్టాం. పెద్దవాళ్లు మరిచిపోయిన వస్తువులకు మినహాయింపు కూడా చేర్చాం. ఆ తర్వాత నా సర్వీసులో ఏ నివేదికైనా నాలుగో గడి నుంచే మొదలుపెట్టాను. నియమాన్ని పాటించేవాళ్లకు దాని కారణంతో పనిలేదు. శిక్ష వేసేవాళ్లు మాత్రం తాండూరు దాకా వెళ్లి కనుక్కోవాలి. పాసింజర్‌లో గంట ప్రయాణం, అంతే.