ప్రతి లైను పక్కనా నా పేరే

విజయనగరంలో మా ఆఫీసు ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది. నలుగురం కూర్చుని బెంగుళూరు కంపెనీకి కోడ్ రాసిపెట్టేవాళ్ళం. మాలో ఒక అక్క రోజూ నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళాయన లారీ డ్రైవరు. నడుం విరిగి మంచం పట్టాక ఆ ఇంటికి అక్క జీతమే ఆధారం.

సాలూరు లారీల బుకింగ్ ప్రాజెక్టు మొత్తం ఆమె రాసిందే. లారీ ఆఫీసుల్లో బల్లల మీద కూర్చుని, అక్కడివాళ్ళ విసుగులన్నీ భరించి, అడిగి అడిగి రాసింది.

ఆ కోడే కాదు, మా అందరి కోడ్ చూసినా నాకు ఒళ్ళు మండేది. ఒకరు లైను చివర సెమీకోలన్ పెడతారు, అక్క పెట్టదు. లైను మొదట ఒకరు రెండు ఖాళీలు వదులుతారు, ఇంకొకరు నాలుగు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులన్నిటికీ ఒకే నియమాల ఫైలు పెడదామనీ, రాతలో తేడాలు పట్టే లింటర్‌ని దానికి తగిలిద్దామనీ పట్టుబట్టాను.

"సెమీకోలన్ నేకపోతే నీకేటి నొప్పిరా? పని సేస్తన్నాది కదా, సూడు," అంది అక్క.

"పని చేస్తే సరిపోదక్కా, ఒక పద్ధతి ఉండాలి," అన్నాను. ఎంత పొగరో నాకు.

లింటర్ తేడాలు చూపించి ఊరుకోదు, అడిగితే తనే దిద్దిపెడుతుంది. ఒక మధ్యాహ్నం అన్ని ప్రాజెక్టుల మీదా దాన్ని వదిలాను. దాదాపు ప్రతి లైనులోనూ ఏదో ఒక చుక్కో, ఖాళీయో మారింది. అంతా కలిపి నా పేరు మీద సేవ్ చేశాను. మా కోడ్ రికార్డులో ఏ లైను పక్కన చూసినా, దాన్ని ఆఖరున ముట్టుకున్నవాళ్ళ పేరే కనిపిస్తుంది. ఇలాంటి దిద్దుబాటును లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే చిన్న ఫైలు ఒకటి పెడితే, అసలు రాసినవాళ్ళ పేరే నిలుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. రేపు పెడదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

కొన్ని నెలలకు కంపెనీ మాలో ఒకరిని తగ్గించమంది. మా ఊరు ఒక్కసారీ రాని మేనేజరు, ఎవరి పేరు మీద ఎన్ని లైన్లున్నాయో తీయించి, వీడియో కాల్‌లో అందరి ముందూ చదివాడు. అక్క పేరు అట్టడుగున ఉంది. లారీల ప్రాజెక్టంతా నా పేరు మీదే ఉంది.

"మీరే రాశారా ఇదంతా?" అని నన్ను మెచ్చుకోలుగా అడిగాడు.

అక్క నా వైపు చూసింది. నేను చెబుతానని ఆమెకు ధీమా. సరిగ్గా లెక్క తీస్తే అట్టడుగున ఉండేది నేను.

"అందరం కలిసి చేశాం సర్," అన్నాను.

"సర్, అది నేను రాసిందే," అంది అక్క.

"రికార్డు అలా చెప్పడం లేదమ్మా," అన్నాడాయన.

నేను కీబోర్డు వైపు తల దించుకున్నాను. నెలాఖరున ఆమె తన నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వానాకాలం వచ్చాక లారీల ప్రాజెక్టులో నాకొక లైను అడ్డం తగిలింది. సాలూరు దాటి ఘాట్‌రోడ్డు ఎక్కిన లారీ ఎంత ఆలస్యమైనా, దాని బుకింగ్ రద్దు కాకుండా ఆపుతోంది. ఎందుకుందో అర్థం కాలేదు. మేనేజరు తీసెయ్యమన్నాడు. ఎవరు రాశారా అని చూస్తే పక్కన నా పేరే ఉంది. సిగ్గు విడిచి అక్కకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"దాని మీద ఎవుడి పేరున్నాది?"

"నాదే అక్కా."

"మరైతే ఆడినే అడుగు."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "కొండెక్కితే ఫోన్లు అందవురా. డ్రైవరు బతికున్నాడో నేదో తెలీకండా ఆడి ట్రిప్పు ఇంకోడికి ఇచ్చేస్తే, ఇంకెవుడు ఎతుకుతాడు? మా ఆయన లోయలో పడున్న రోజు అదే సేసారు. దాన్ని తియ్యకు," అంది.

లైను తియ్యలేదు. ఆమె చెప్పిన కారణమంతా దాని పైన రాశాను. ఆమె పేరు కూడా రాద్దామనుకున్నాను. రాస్తే పాత సంగతి బయటపడుతుంది. రాయకుండానే సేవ్ చేశాను. పక్కన మళ్ళీ నా పేరు పడింది.