మోటారు దించిన రోజు

చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో మా అన్నయ్యా నేనూ హమాలీలం. దూది బేళ్ళు ఎత్తడం మా పని. ఆ రోజు మాత్రం బేళ్ళు కట్టే ప్రెస్సుకి కొత్త మోటారు లారీ మీద వచ్చింది. క్రేన్ రావడానికి సాయంత్రమవుతుందట. ఆవరణ నిండా పత్తి ట్రాక్టర్లు ఆగిపోయి ఉన్నాయి.

"మీరే దించెయ్యండ్రా" అన్నాడు మేనేజరు.

లారీకి వెనక రెండు దుంగలు వాలుగా ఆనించాం. మోటారు ఒక్కసారిగా జారిపోకుండా దానికి మోకు కట్టి, లారీ మీద నిలబడి నలుగురం బిగబట్టాం. అన్నయ్య లారీ అంచున నిలబడి పలుగుతో మోటారుని కదుపుతున్నాడు. అది ఉన్నట్టుండి కదిలింది. పలుగు పట్టు తప్పింది. అన్నయ్య వెల్లకిలా కింద సిమెంటు మీద పడ్డాడు, సరిగ్గా దుంగల పక్కనే.

మోకు వదిలితే మోటారు దుంగల మీంచి దొర్లి అతని మీదికే పోతుంది. అందుకని వదల్లేదు. అన్నయ్య అక్కడ పడి ఉంటే, నేను పైన మోకు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. లారీ డ్రైవరు దుంగల మీద మోటారుకి చెక్క దిమ్మె అడ్డం పెట్టాకే దూకాను.

రక్తం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఒరేయ్, కాళ్ళు మడతపడ్డాయిరా. కాస్త చాపు" అన్నాడు.

కాళ్ళు చాపే ఉన్నాయి. చాపినట్టే చేసి, "చాపానన్నయ్యా" అన్నాను.

"ఇంకా చాపలేదురా" అన్నాడు.

గుంటూరు పెద్దాసుపత్రిలో వెన్నుపూస నలిగిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు. నడక మాత్రం రాలేదు. మా వదిన మిరప కోతలు మానేసి ఇంటిపట్టునే ఉండి, పుండ్లు పడకుండా పూటపూటా అతన్ని పక్కకి తిప్పుతోంది. కేకేస్తే మిల్లు అవతలికి వినపడే మనిషి, ఇప్పుడు మంచినీళ్ళు కూడా సైగతోనే అడుగుతాడు.

మొన్న ఎదురింటికి ఫ్రిజ్ వచ్చింది. ఆటో మీంచి దించుతూ ఒకతను అంచున వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. మంచం పక్క కిటికీలోంచి అన్నయ్య అరిచాడు, "ఒరేయ్, వెనక్కి రావద్దురా! కిందికి దిగు!"

అతను ఉలిక్కిపడి, మంచంలో ఉన్న మనిషిని చూసి, దిగాడు. ఫ్రిజ్ క్షేమంగా లోపలికి వెళ్ళింది.

అన్నయ్య చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత మా వదినతో అన్నాడు, "ఈ మంచం గోడవైపు తిప్పెయ్యవే."

ఇద్దరం కలిసి తిప్పాం.