టైమెంత అని అడగలేకపోయిన రోజు

మా చిన్నప్పుడు... మద్రాసు పక్కన తిరువొత్తియూరులో మా వీధిని నిద్ర లేపేది కోడి కాదు, కంపెనీ సంగు. సైరన్‌ని మేం సంగు అనేవాళ్ళం. మొదటి సంగుకు అమ్మ పొయ్యి ముట్టించేది. రెండో సంగుకు నాయన సైకిలెక్కేవాడు. ఆయన ఆ కంపెనీలోనే ఫిట్టరు.

మా అవ్వకు మాత్రం టైము అనే మాటే గిట్టేది కాదు. జాము పొద్దెక్కింది, బారెడు పొద్దుంది, దీపాలు పెట్టే యాళయింది... ఇవీ ఆమె లెక్కలు. టైము మా ఇంట్లోకి నాయన ఉద్యోగంతో పాటు వచ్చిన మాట. గేటు పక్కన టైమాఫీసు, ఆడ కుర్చీలో టైంకీపరు... ఆయన తల ఊపితే లోపలికి, లేకుంటే గేటు బయటే. పోను పోను ఆ మాట అన్నిట్లోకీ దూరింది. ఒంట్లో బాగలేకపోతే టైము బాగలేదు, పని కుదిరితే మంచి టైము. ఆఖరికి అవ్వ కూడా "నా టైము దగ్గర పడిందే" అనడం మొదలుపెట్టింది!

పెద్దయినాక ఒక ఇంగ్లీషు నిఘంటువులో చూశాను. టైము, సముద్రపు పోటుకు చెప్పే టైడు... రెండూ ఒకే వేరు నుంచి పుట్టినాయంట. విడదీయడం, పంచడం అని దాని మూలమంట. అంటే గడియారాలు రాకముందే పుట్టిన మాట. మాకేమో ఆ గడియారం లేకనే పరువు పోయింది.

వీధిలో టైంపీసు ఉండేది ఒక్క రాజమ్మత్త ఇంట్లోనే. మా పక్కిల్లు. ఆమె మొగుడు రైల్వే గుమాస్తా. సంగుకూ సంగుకూ నడుమ టైము కావాలంటే అమ్మ నన్ను తరిమేది. "అత్తా, టైమెంత?" అంటే చాలు, ఆమె లోపలికి పోయి చూసొచ్చి చెప్పేది. ఎన్నిసార్లు పోయినా విసుక్కునేది కాదు.

ఒకరోజు కొళాయి దగ్గర, పదిమంది ఆడవాళ్ళ ముందు, మా అమ్మతో నవ్వుతూ అనింది. "ఏం మే, గడియారానికి కీ ఇచ్చేది మా ఆయన, టైము వాడుకునేది మీరూనా?"

ఎగతాళికే అనింది. అందరూ నవ్వినారు. అమ్మ కూడా నవ్వింది... కానీ ఇంటికొచ్చి బిందె దించి కళ్ళు తుడుచుకుంది. సంగతి విని నాయన, ఇంక ఆ గడప తొక్కొద్దు అన్నాడు. అంతే. నేను పోవడం మానేశాను.

ఆ వానాకాలంలోనే మా అక్కకు నర్సు ట్రైనింగుకు పిలుపొచ్చింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. మా వీధిలో ఉద్యోగానికి పిలుపొచ్చిన మొదటి ఆడపిల్ల మా అక్కే! నాయన లీవు పెట్టినాడు. నన్నూ వెంట తీసుకుపోతామన్నారు. రెండో సంగు ఊదంగానే బయల్దేరితే బస్సులో సరిగ్గా పోయి చేరతామని అనుకున్నాం.

ఆ రోజు తెల్లారిందో లేదో తెలీనంత ముసురు. అక్క తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. మేమందరం సంగు కోసం కూర్చున్నాం... రెండోది కాదు గదా, మొదటిదే ఊదదే!

అమ్మకు అనుమానమొచ్చి నా వైపు చూసింది. నేను లేచి గడప దాకా పోయాను. "సంగే ఊదలేదు, టైమెక్కడైంది? కూర్చో," అన్నాడు నాయన. కూర్చున్నాను. అక్క నాయన మొహం చూసి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

కాసేపటికి వీధిలో ఎవరో పోతా చెప్పినారు. కంపెనీ మొదలాళి, అదే ఓనరు, రాత్రి చనిపోయినాడంట, అందుకని ఈరోజు కంపెనీ లేదంట... సంగూ లేదంట.

ఆ వానలో పరుగెత్తి బస్సెక్కినాం. దోవలో సెంట్రల్ స్టేషను గడియారం కనబడింది. ముందు చూసింది అక్కే. చూసి తల దించుకుంది. నాయన అటువైపే చూడలేదు.

ఆసుపత్రిలో అప్పటికే తలుపులు మూసేసినారు. వరండాలో ఉన్న గుమాస్తా, నాయనకు కొడుకు వయసుంటుంది, ఇంట్లో గడియారం లేదా అని అరవంలో అరిచినాడు. చుట్టూ తెల్లబట్టల నర్సులు చూస్తున్నారు. నాయన చేతులు కట్టుకుని, "బస్సు చెడిపోయింది సార్" అన్నాడు. నాయన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. సిగ్గుతో నేను చచ్చిపోయినాను. అక్క ఆ తలుపునే చూస్తా నిలబడింది... ఎంత బతిమాలినా లోపలికి పోనీలేదు.

సాయంత్రం రాజమ్మత్త వచ్చింది. అక్క మొహం చూసే కనుక్కుంది. గుమ్మంలోనే కూలబడి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"సంగు ఊదలేదని నాకు తెలుసు మే. మీ చిన్నది వస్తాదని పొద్దున్నుంచీ వాకిట్లోనే నిలబడుంటి. నేనే వచ్చి చెప్తే మళ్ళీ దెప్పడానికి వచ్చిందనుకుంటారేమోనని... సిగ్గుపడితి."

నాయన లోపలే ఉండిపోయినాడు. రెండిళ్ళకూ నడుమ ఒక్క గోడ... ఈ పక్కన మేం సిగ్గుపడి, ఆ పక్కన ఆమె సిగ్గుపడి, మా అక్క చేతికందబోయిన ఉద్యోగాన్ని పోగొట్టినాం.

అక్కకు మళ్ళీ పిలుపు రాలేదు. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటా బతికింది. ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో... ఆ మౌనం తలుచుకుంటే ఈ వయసులోనూ నా తల వాలిపోతుంది.

ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా చేతిలో ఫోను... టైము కోసం ఎవరి తలుపూ కొట్టే పని లేదు. మనం వస్తామని వాకిట్లో నిలబడే రాజమ్మత్తలూ లేరు.

మీ వీధిలో టైము ఎవరింట్లో ఉండేది? పోయి అడిగేవాళ్ళా... మాలాగా సిగ్గుపడి కూర్చున్నారా? చెప్పండి, వింటాను...