బానెట్ మీద చెయ్యి

మా తోడల్లుడు దేన్నైనా ముందు అరచెయ్యి ఆనించి చూసేటోడు. గుంతకల్లులో రైలింజన్లు బాగుచేసే పని ఆయప్పది. ఆ చేతి మీద మా మామకున్న నమ్మకం నా మాట మీద ఏనాడూ లేదు. అదే నాకు కడుపుమంట.

మామ పాత అంబాసిడర్ కొనాలంటే కుందుర్పిలో వెతికిపెట్టింది నేను. ఇంజను విప్పి కొత్తగా కట్టించినారంట. "అల్లుడొచ్చి చూస్తే మేలు" అన్నాడు మామ. అల్లుడంటే ఆయప్పే. మరి నేనెవరినో!

కారు రేకుల షెడ్డులో నీడన పెట్టినారు. తాళం తిప్పమని నేను తొందరపెడతాంటే, ఆయప్ప బానెట్ మీద చెయ్యి పెట్టి నా దిక్కు ఒకసారి చూసినాడు.

"ఎండకు కాలినట్టుండాది మామా. చల్లారినాక స్టార్ట్ చేస్తేనే ఇంజను బండారం తెలిసేది. టీ తాగొద్దాం పా."

నీడలోని కారు ఎండకు కాలిందన్నా మామ తలూపినాడు.

రెండు గంటలాగి స్టార్ట్ చేస్తే ఇంజను దగ్గి దగ్గి నీలం పొగ కక్కింది. "ఆయిలు తాగుతాండాది. వద్దు మామా" అన్నాడు. మామ ఆయప్ప భుజం తట్టినాడు.

ఒక్క తిప్పుకే స్టార్టయ్యి నా పరువు నిలబడాలని, మేం పోకముందే ఇంజను వేడిచేసి పెట్టమని అమ్మేటోనికి ఫోన్ చేసింది నేనే. ఆ సంగతి ఆయప్ప చేతికి తెలిసిపోయింది. మామకు చెప్పేసింటే, ఈపొద్దుకూ ఆయప్పను మనసారా తిట్టుకోనైనా తిట్టుకుంటాంటి.