అయిదింటిలో ఒకటి

నా మొదటి కవితా సంపుటి ఆఖరి అయిదింటిలో ఉందని తెలిసిన రోజు నుంచి నేను ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. ఏటా కొత్త కవిత్వ పుస్తకానికి హైదరాబాదులో ఇచ్చే పెద్ద అవార్డు అది. ఖరగ్‌పూర్‌లో రైల్వే వాళ్ళ పిల్లలకు తెలుగు చెప్పుకునే నాలాంటి దాని పుస్తకం అంతదూరం వెళ్ళడమే ఎక్కువని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మనసు వింటేనా? పొయ్యి మీద అన్నం పెట్టి ఫోను దగ్గరికి, అక్కణ్ణించి వాకిట్లోకి, మళ్ళీ ఫోను దగ్గరికి. అన్నం మాడిన వాసన వచ్చేదాకా పొయ్యి గుర్తుండేది కాదు.

"ఏటే, కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతున్నావు? కాసేపు కూకో," అనేది మా అత్త.

వర్క్‌షాపు నుంచి రాగానే మా ఆయన సైకిలు దిగకుండానే "ఏటైనా తెలిసిందా?" అని అడిగేవాడు. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ గోడ మీంచి తల పెట్టి "కీ, హోలో?" అనేది. ఇంకా అవలేదని ఇద్దరికీ చెప్పి చెప్పి విసుగొచ్చింది.

ఈ లోపల మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో "అయిదింటిలో ఒకటి" అన్న మాట వీధి చివరికి చేరేసరికి "వచ్చేసింది" అయిపోయింది. తెలుగు సంఘం వాళ్ళు నాకు అభినందన సభ పెట్టారు. అదీ ఫలితం ప్రకటించే ఆదివారం సాయంత్రమే. వెళ్ళి చూద్దును కదా, ఫ్లెక్సు మీద నా ఫొటో, కింద ఎర్రక్షరాలతో 'అవార్డు గ్రహీత' అని ఉంది.

"బాబాయ్, ఇంకా రాలేదండీ. అది తీయించెయ్యండి," అని సంఘం పెద్దాయన్ని బతిమాలాను. ఆయన రిటైరైన గార్డు.

"వొచ్చెస్తాదమ్మా. అవశకునం మాటలాడకు," అని నన్ను తీసుకెళ్ళి స్టేజీ మీద కూర్చోబెట్టాడు.

శాలువా కప్పారు. ఒకాయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఒళ్ళో ఉన్న ఫోను వణికింది. విశాఖపట్నం నుంచి నా పుస్తకం వేసినాయన మెసేజి: 'ఈసారి మనకు రాలేదమ్మా. వేరే పుస్తకానికి ఇచ్చారు.'

ముందు కలిగింది దుఃఖం కాదు, సిగ్గు. వెనక ఆ ఎర్రక్షరాలు వీపుకు తగులుతున్నట్టే అనిపించింది. ఉపన్యాసం అయ్యేదాకా ఆగలేకపోయాను. లేచి మైకు దగ్గరికి వెళ్ళి, "అవార్డు నాకు రాలేదండీ. ఇప్పుడే తెలిసింది," అని చెప్పేశాను.

ముందు వరసలోంచి మా అత్త గట్టిగా అంది: "రాకపోతే ఏటయింది? మేమందరం వొచ్చి కూకున్నాం గదా. సదువు."

నేను రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యడం మీద రాసిన కవిత చదివాను. రిటైరైన మర్నాటి నుంచి ఇంట్లో ప్రతి వస్తువూ 'నేనెక్కడికి?' అని అడిగే కవిత. సగంలో ఉండగా మూడో వరసలో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. మా వెనక లైన్లో ఉండే ఫిట్టరు, ఈ ఏడే రిటైరవుతున్నాడు. నాకు మాట తడబడింది. ఎలాగో పూర్తి చేశాను. చప్పట్లు కొట్టారు కానీ, ఏం బాధపెట్టానో అన్న గుబులే నాతో ఇంటికి వచ్చింది.

మర్నాడు ఉదయం స్కూలుకు బయల్దేరుతుంటే ఆయనే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, నిన్న మద్దిలో ఎలిపోనాను. ఏటీ అనుకోకు. ఆ పాట సివర్న ఏటయింది?"

పాట కాదనాలనిపించలేదు. సంచీలోంచి పుస్తకం తీసి అక్కడే నిలబడి చివరి దాకా చదివాను. ఆయన నేలకేసి చూస్తూ విన్నాడు.

"ఈ బుక్కు ఇస్తావా? మా ఇంటిదానికి సదివి ఇనిపించాల. ఎక్కడికెల్దాం అని అది అడుగుతాదేమోనని నాను, నానేటైనా అంటానేమోనని అది. ఇద్దరం నోరిప్పడం లేదమ్మా."

ఇచ్చాను.

ఆ వారమే అవార్డు వచ్చిన పుస్తకం తెప్పించుకున్నాను. బాగుండకూడదనే కోరుకుంటూ గదిలో అటూ ఇటూ తిరుగుతూ చదివాను. బాగుంది. ఒక కవిత మా ఆయనకు కూడా చదివి వినిపించాను.

"నీవాటికన్నా బాగున్నాదా?" అన్నాడు.

"ఇది మాత్రం బాగుంది."

"ఠీక్ హై. నువ్వు కూడా మళ్ళీ రాయి మరి," అని లుంగీ సర్దుకుని టీవీ పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ కవితలో ఒక్క పాదం కూడా పక్కన పెట్టలేకపోయాను. మర్నాడంతా అది నా వెంటపడింది.

తర్వాత ఒక సాయంత్రం ఫిట్టరు గారి భార్య వచ్చింది. అంతవరకు మంచినీళ్ళ పంపు దగ్గర పలకరింపులే తప్ప మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

"నీ బుక్కు సదివినారమ్మా. ఇద్దరం కూకుని ఏడ్సినాం. ఏడ్సినాక మాటలొచ్చినాయి. ఆయనకి సికాకోళం ఎలిపోవాలని ఉందనుకున్నాను నాను. నాకుందని ఆయన. ఇద్దరికీ లేదు! ఈ ఊర్లోనే పూరీ గేట్ దగ్గర అద్దిల్లు సూసినాం. నువ్వు కూడా ఒక్కసారి వొచ్చి సూడు."

"నేనెందుకు పిన్నీ?"

"ఈ మాట తీసింది నువ్వే గదా!"

ఇద్దరం టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి వెళ్ళాం. రెండు చిన్న గదులు, వెనక కాస్త ఖాళీ జాగా. ఆమె గోడలు తట్టి చూసింది, కిటికీ తలుపులు వేసి తీసింది. వంటింట్లో కుళాయి తిప్పి కింద దోసిలి పట్టింది. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్ళు దూకాయి.

"దార గట్టిగానే ఉన్నాది," అని తడిచేతులు చీరకు తుడుచుకుని, మంచం ఎటు వేస్తే బాగుంటుందో నన్ను అడగడం మొదలుపెట్టింది.